బడి మొత్తానికి ఒకటే గొంతు

"బావూ, ఆ పెట్టె పేలిపోదు కదా?"

అప్పటికింకా దాన్ని అట్టల్లోంచి బయటికి తియ్యనైనా లేదు. బడి వరండాలో, తల్లులందరి మధ్యా కూర్చుని నేనే అడిగాను. ఊళ్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా మొదట నేను అడిగే ప్రశ్న అదే. గ్యాసుబండ వచ్చినప్పుడు అడిగాను, సెల్‌ఫోను వచ్చినప్పుడు అడిగాను. మా ఆయన గౌరునాయుడు మిక్సీ కొని తెస్తే, మీట నొక్కే ముందు పిల్లను పెరట్లోకి పంపేశాను. ఇంతవరకూ ఏదీ పేలలేదు. అయినా అడగడం మానలేదు. అడిగాను కాబట్టే పేలలేదేమోనని నాకొక అనుమానం.

పెట్టెతోపాటు పట్నం నుంచి వచ్చిన కుర్రాడు అనిరుద్ధ్ నవ్వాడు. మెడలో తాడుకి ఫొటో వేలాడేసుకున్నాడు. "అమ్మా, ఇది పేలదు. ఇది వింటుంది."

"ఇంటదా? ఇని ఏటి సేస్తాది?"

"మీ పిల్లలకు చదవడం వచ్చో రాదో విని, తేల్చి, రాజధానికి తెలియజేస్తుంది."

నా పక్కన కూర్చున్న తవిటమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మ! అయితే మా అత్త మీద నాను అన్నవన్నీ రాజధానికెల్లిపోతాయేటి?"

తల్లులందరూ నవ్వారు. నేను నవ్వలేదు. పేలే వస్తువయితే దూరంగా నిలబడొచ్చు. వినే వస్తువుకి ఎంత దూరంలో నిలబడాలో ఎవరూ చెప్పలేదు.

తర్వాత మండల విద్యాధికారి ముకుందరావు గారు లేచి ఉపన్యాసం ఇచ్చారు. "గ్రామీణ, మారుమూల, వెనుకబడిన ప్రాంతాల విద్యార్థినీ విద్యార్థుల పఠన సామర్థ్యాలను అత్యాధునిక సాంకేతిక పరిజ్ఞానం ద్వారా పెంపొందించి, పర్యవేక్షించి, మూల్యాంకనం గావించే నిమిత్తం ఈ సుస్వర పఠన పథకం ప్రవేశపెట్టడమైనది." వెనుకబడిన అన్న మాట వచ్చినప్పుడల్లా చెయ్యి చాపి మా వైపు చూపించారు, ఎవరైనా పొరబడతారేమోనని.

మా ఊరు గెడ్డవలస. ఊరికి ఒక పక్క జీడితోటలు, ఇంకో పక్క గెడ్డ అని మేం పిలుచుకునే కొండవాగు, ఆ వెనకాల వినపడేటంత దూరంలో సముద్రం. ఉన్నదొక్కటే బడి, అందులో ఉన్నదొక్కరే మాస్టారు. ఆయన పేరు గున్నయ్య. ఊళ్లో చదవడం వచ్చిన ప్రతివాళ్లకీ, ఐదో తరగతితో చదువు ఆపేసిన నాతో సహా, ఆయనే నేర్పారు.

పెట్టె ముందు పిల్ల నిలబడి పుస్తకం చదవాలి. చదివింది సరయితే పచ్చదీపం వెలుగుతుంది. సరికాకపోతే ఎర్రదీపం. మధ్యలో ఇంకో రంగు లేదు.

మొదట తవిటమ్మ కొడుకు జగ్గునాయుడిని నిలబెట్టారు. వాడు ఐదో తరగతి. బజ్జీలు చుట్టిన కాగితం దొరికినా, బజ్జీ పక్కన పెట్టి కాగితం చదివే రకం. పాఠం అందుకుని ఎక్కడా ఆగకుండా గడగడా చదివేశాడు. ఎర్రదీపం వెలిగింది. మళ్లీ చదివాడు. మళ్లీ ఎరుపే. మూడోసారి పుస్తకం మూసేసి, చూడకుండా ఒప్పజెప్పాడు. పెట్టె ఏమీ మెత్తబడలేదు. తర్వాత నిలబడిన పిల్లలందరికీ అదే గతి పట్టింది. వరండా అంతా అమ్మవారి గుడిలా ఎర్రగా వెలిగిపోయింది.

గున్నయ్య మాస్టారు పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. "పిల్లలు సరిగ్గానే సదివినారు కదా బావూ. మరి దీనికేటొచ్చింది?"

అనిరుద్ధ్ తడుముకోకుండా జవాబిచ్చాడు. "సార్, యంత్రానికి ప్రామాణిక ఉచ్చారణ మాత్రమే నేర్పారు. వార్తలు చదివేవాళ్ల గొంతులతో తయారుచేశారు. ఈ ప్రాంతపు యాస దానికి తెలియదు."

"అలగయితే తప్పు దానిది. దానికి నేర్పండి."

"యంత్రాన్ని మార్చాలంటే టెండర్లు పిలవాలి సార్. పిల్లల్ని మార్చడానికి టెండరు అక్కర్లేదు."

మాస్టారికి కోపం వచ్చింది. ఇన్నేళ్లుగా చదువు చెబుతున్న మనిషి, తానే పుస్తకం తీసుకుని పెట్టె ముందు నిలబడ్డారు. ఒకటో తరగతి పాఠం, నిదానంగా, స్పష్టంగా, ప్రతి అక్షరానికీ దాని మర్యాద దానికిచ్చి చదివారు. ఎర్రదీపం వెలిగింది. ఆ దీపం వెలిగినంతసేపట్లోనే సంగతి రాజధానికి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. చదవడం రాని ఉపాధ్యాయుడు జిల్లా కేంద్రంలో ప్రాథమిక పఠన శిక్షణకు హాజరు కావలెను. మాస్టారు గొడుగు, మందుల సంచీ పట్టుకుని బస్సెక్కారు. అక్కడ ఆయనకు పలకా బలపం ఇచ్చి, ఆయన దగ్గరే చదువుకున్న ఒకమ్మాయి చేత అఆలు దిద్దిస్తున్నారని తర్వాత తెలిసింది.

"మరి గుంటలకి పాటాలెవులు సెప్తారు బావూ?" అని ముకుందరావు గారిని అడిగాను.

"యంత్రం ఉంది కదమ్మా."

"అది ఇంటాదే గానీ సెప్పదు కదా?"

"చెప్పడం పాత పద్ధతి. వినడం ఆధునిక పద్ధతి," అన్నారాయన, నా చదువు ఐదో తరగతితో ఎందుకు ఆగిపోయిందో ఆ క్షణంలోనే అర్థమైనట్టు.

ఆ మర్నాడే, మొదటి రోజు పెట్టె ముందు నిలబడకుండా మిగిలిపోయిన మా కూతురు ఝాన్సి వంతు వచ్చింది. దాని గొంతు గురించి ముందు చెప్పాలి. ఆ తప్పు నాదే. సముద్రం పక్కన ఊరు కదా, తుఫాను ఎప్పుడొస్తుందోనని నాకు బెంగ. ఝాన్సి కడుపులో ఉన్నప్పుడు వచ్చిన తుఫానుకి మా ఇంటి రేకులు ఎగిరిపోయి జీడితోటలో దొరికాయి. అప్పట్నించీ మా ఇంట్లో టీవీలో వార్తలే. సినిమా లేదు, సీరియల్ లేదు. నేను పొయ్యి దగ్గరున్నా, జీడిపిక్కలు ఒలుస్తున్నా ఒక చెవి బంగాళాఖాతం మీదే ఉంచుతాను. పిల్ల ఉయ్యాల్లో పడుకుని విన్నదీ అదే, మాటలు నేర్చిందీ అదే. వీధిలో పిల్లలతో మా మాటే మాట్లాడేది గానీ, చేతికి పుస్తకం ఇస్తే చాలు, వాయుగుండం గురించి చెప్పే మనిషి దాని నోట్లోకి వచ్చి కూర్చుంటుంది.

నాలుగో తరగతి పిల్ల, పెట్టె ముందు నిటారుగా నిలబడి చదివింది. "పొలంలో ఆవు మేస్తోంది. దాని పక్కనే దూడ గంతులు వేస్తోంది." విన్నవాళ్లకి, ఆ ఆవు అర్ధరాత్రి లోపు తీరం దాటుతుందేమోనని భయం పుట్టింది.

పచ్చదీపం వెలిగింది.

అనిరుద్ధ్ ఎగిరి గంతేశాడు. ముకుందరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు, జాతీయగీతం వస్తున్నట్టు. నేను మాత్రం, మా పిల్ల మీద ఎవరి దిష్టి పడుతుందోనని చుట్టూ చూశాను. దిష్టి పడేది చుట్టాల కళ్లలోంచేనని అప్పటికి నా నమ్మకం.

ముకుందరావు గారు నన్నూ మా ఆయన్నీ పిలిపించారు. "రాజధాని నుంచి ఆదేశాలున్నాయి. ఎర్రదీపం శాతం ఎక్కువగా నమోదైన పాఠశాలలను సమీప పాఠశాలల్లో విలీనం చేస్తారు. మీకు సమీప పాఠశాల గెడ్డకు అవతల ఉన్నది."

వానాకాలంలో ఆ గెడ్డ దాటడమంటే గేదెలే వెనకాడతాయి. నా కళ్ల ముందు అప్పుడే ఝాన్సి చెప్పులు నీళ్లలో తేలిపోతున్నాయి.

"ఏటి సెయ్యమంటారు బావూ?"

"యంత్రానికి చెవులున్నాయి గానీ కళ్లు లేవు," అన్నారాయన మెల్లగా. "మీ అమ్మాయి మిగతా విద్యార్థుల తరఫున చదవరాదనే నిబంధన ఎక్కడా లేదు. నేను క్షుణ్ణంగా పరిశీలించాను. దీన్ని ప్రాతినిధ్య పఠనం అంటారు. ప్రజాస్వామ్యంలో అందరి తరఫునా ఒకరు మాట్లాడరా?"

"మాటాడతారు గానీ, మిగతావోలు నోరు మూసుకోనక్కర్నేదు కదా బావూ?" అన్నాడు మా ఆయన.

"ఆచరణలో మూసుకుంటారు," అన్నారు ముకుందరావు గారు.

గెడ్డ భయంతో ఒప్పుకున్నాను.

మర్నాటినుంచి అనిరుద్ధ్ ఒక్కొక్కరి పేరు పిలవడం, ఝాన్సి చదవడం. జగ్గు తరఫున చదివింది. ఒకటో తరగతిలో ఇంకా మాటలు సరిగా రాని బుడ్డదాని తరఫునా చదివింది. తట్టు పోసి ఇంట్లో పడుకున్న పిల్లాడి తరఫునా చదివింది. అన్నిటికీ పచ్చదీపమే. మిగిలిన పిల్లలు గోడవారగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఒక్క స్థానిక శబ్దం కూడా యంత్రంలో పడకూడదని ఆదేశం. దగ్గొస్తే బయటికి పరుగెత్తాలి. నవ్వొస్తే మింగెయ్యాలి.

సాయంత్రానికి తల్లులందరి ఫోన్లకీ సందేశం వచ్చింది. మీ బిడ్డ అనర్గళంగా చదువుచున్నందుకు అభినందనలు. తవిటమ్మ ఆ ఫోను పట్టుకుని వీధంతా తిరిగింది.

"సూసినావా ఒదినా? మావోడికి సదవడం వచ్చేసిందట!"

"ఆడికి ముందునించీ వచ్చును కదే తవిటమ్మా."

"అప్పుడు నాకు తెలుసును. ఇప్పుడు గవర్నమెంటుకి తెలిసింది."

మండలంలో మా బడి మొదటి స్థానానికి వచ్చింది. ఆ వెంటనే ముకుందరావు గారు ఇద్దరు మనుషులతో మా ఇంటికొచ్చారు. ఇల్లంతా కలియజూసి, కూర్చోకుండానే మొదలుపెట్టారు. "మీ కుమార్తె గొంతు ఇకమీదట ఈ మండలపు విద్యా వనరు. దానికి ఏ విధమైన నష్టం వాటిల్లినా తల్లిగా మీరే బాధ్యత వహించవలసి ఉంటుంది."

ఆయన గళ సంరక్షణ మార్గదర్శకాలు చదివి వినిపించారు. చింతపండు పులుసు పెట్టరాదు. చల్లనీళ్లు తాగరాదు. జీడిమామిడి పండు గొంతు గీరుతుంది కనుక దరిదాపులకు రానివ్వరాదు. కేకలు వేసే ఆటలు ఆడరాదు. ఇవన్నీ ఒక ఎత్తు, చివరిది ఒక ఎత్తు. "స్థానిక ఉచ్చారణ సోకకుండా బాలికను కుటుంబ సభ్యుల సంభాషణకు దూరంగా ఉంచవలెను."

"సోకడమేటి బావూ? అదేటి, అమ్మోరా?"

"అంతకంటే వేగంగా వ్యాపిస్తుందమ్మా."

మూలన కూర్చున్న మా అత్తకి ఒళ్లు మండింది. "నా మనవరాలితో నాను మాటాడకూడదా? నా నోట్లో ఏటుందిరా నాయినా, ఇసమా?"

"విషం కాదమ్మా," అన్నారు ముకుందరావు గారు ఎంతో ఓర్పుగా. "మాండలికం."

అది ఏ రోగమో మా అత్తకి తెలియదు. ఆ రాత్రి ఉప్పునీళ్లతో చాలాసేపు పుక్కిలించింది.

చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్లు వేరు. నేను చెప్పినదానికి రెండింతలు చేస్తాను. పిల్ల మెడకి ఎండాకాలంలో మఫ్లరు చుట్టాను. చింతపండు కుండ తవిటమ్మ ఇంట్లో దాచాను. ఇంట్లో మాట ఆపేశాం. నీళ్లు కావాలంటే మా ఆయన బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించేవాడు. కూరలో ఉప్పు తక్కువైతే ముఖం చిట్లించేవాడు, ఎక్కువైతే ఇంకా చిట్లించేవాడు. రెండింటికీ తేడా తెలియక నేను ఇంకాస్త ఉప్పు వేసేదాన్ని. మా అత్త మేకల్ని పిలవడానికి కూడా ఊరి చివరికి వెళ్లేది. ఇంట్లో మాట్లాడే హక్కు టీవీకొక్కదానికే మిగిలింది.

తవిటమ్మ గుమ్మం దగ్గరికొచ్చి గుసగుసగా ఎగతాళి చేసింది. "ఏటొదినా, ఇంట్లో ఎవులైనా పోనారేటి? ఇంత నిశ్శబ్దంగుంది!"

నేను వేలు పెదవుల మీద పెట్టి, చేత్తో పొమ్మన్నాను. వెళ్తూ వెళ్తూ గట్టిగానే అంది. "బావుంది! రాజధానోలు మాటాడించే పెట్టెని తెచ్చి, మనుసుల్ని మూగోల్ని సేసినారు!"

ఆ మాట పిల్ల చెవిన పడిందేమోనని హడలిపోయి, టీవీ గొంతు పెంచాను.

పక్క ఊరి బడికి ఎర్రదీపాలు ఎక్కువయ్యాయి. ముకుందరావు గారు జీపు పంపించారు. ఝాన్సి వెళ్లి ఆ బడి తరఫున చదివి వచ్చింది. ఆ తర్వాత ఇంకో ఊరు, మరో ఊరు. వనరుల పంపిణీ అని దానికి పేరు. తెల్లారకుండానే జీపు వచ్చేది. ఏ ఊరు వెళ్లినా అదే ఆవు, అదే దూడ. పెట్టె ప్రతి ఊళ్లోనూ ఒకటో తరగతి పాఠమే అడుగుతుంది. ఆ ఊరి పిల్లలందరి పేరునా అది దాటితేగా రెండోది! నాలుగో తరగతి పిల్ల ఆ ఏడాదంతా మండలంలోని ఒకటో తరగతులన్నీ ఒక్కతే చదివింది. లెక్కలు చెప్పినవాళ్లు లేరు, చెప్పించుకునే తీరికా లేదు.

మా బడిలో కొత్త చిక్కు వచ్చింది. ఝాన్సి చదువుతుండగా ఎవరో పిల్లాడికి తుమ్ము వచ్చి ఎర్రదీపం వెలిగింది. విచారణ జరిగింది. విద్యార్థుల హాజరే విద్యా ప్రమాణాలకు ప్రధాన అవరోధం అని తేలింది. పఠనం జరిగే రోజుల్లో పిల్లలు బడికి రావద్దన్నారు. పఠనం రోజూ జరుగుతుంది. కనక పిల్లలు జీడితోటల్లోకి వెళ్లిపోయారు. బడి గోడలకి సున్నం వేశారు, పూలకుండీలు పెట్టారు. పక్క జిల్లాల అధికారులు చూడ్డానికొచ్చి, ఖాళీ గదిలో పెట్టెనూ దాని ముందు ఝాన్సినీ చూసి ముగ్ధులయ్యారు.

"ఎంత ప్రశాంతమైన విద్యా వాతావరణం! మా పాఠశాలల్లో పిల్లల గోలతో చదువు సాగదండీ," అని ఒకాయన వాపోయాడు.

"మేమూ ఆ దశ దాటే వచ్చామండీ," అన్నారు ముకుందరావు గారు వినయంగా.

ఇటు జగ్గు సంగతి. తవిటమ్మ వాడిని సంతకి తీసుకెళ్తూ, బస్సు మీద ఏ ఊరి పేరుందో చదవరా అంటే, పెదాలు బిగించి వేలితో చూపించాడట. గట్టిగా చదువంటే తల అడ్డంగా ఊపాడట. తవిటమ్మ ఆ రోజు ఎగతాళి ఏమీ చెయ్యలేదు. "ఆడు సదివితే తప్పట ఒదినా. ఆడి గొంతు ఇంటే బడి మూసేస్తారట. ఎవులు నేర్పినారో గానీ, ఆడికి గట్టిగా నేర్పినారు," అని మా అరుగు మీద కూలబడింది.

నా పిల్లకి అప్పటికే మాట తగ్గిపోయింది. మొదట్లో ఆకలేస్తోందా అని సైగ చేస్తే, ప్రజలు అప్రమత్తంగా ఉండాలని అధికారులు సూచించారు అని వార్తల గొంతుతో అనేది. మా ఆయనా నేనూ నవ్వుకున్నాం కూడా. తర్వాత అదీ మానేసింది. బడిలో పుస్తకం చేతికిస్తే చదువుతుంది, మూసేస్తే గొంతూ మూతపడుతుంది. నొప్పేస్తే చెప్పదు. నిద్రలో కలవరించేది, అదీ పోయింది. మీట నొక్కితే వెలిగి, ఆపితే ఆరిపోయే వస్తువు ఒకటి నా ఇంట్లో మఫ్లరు చుట్టుకుని అన్నం తింటోంది.

భయం ఆగక, జీపు దగ్గర ముకుందరావు గారి కాళ్లకి అడ్డం పడ్డాను. "బావూ, నా గుంట మాటాడ్డం నేదు. పుస్తకం ఒగ్గేస్తే నోట్లోంచి మాటే రాడం నేదు."

ఆయన ముఖం విప్పారింది. "మంచి పరిణామం. అనవసర సంభాషణల వల్ల గొంతు అరుగుతుంది. బాలిక స్వయంగా పొదుపు పాటిస్తోంది."

"మాకూ సెప్పట్నేదు బావూ! కడుపులో ఏటున్నాదో తెలకుండా..."

"అమ్మా, ఆమెకు పచ్చదీపం వెలుగుతోంది. రాజధాని లెక్క ప్రకారం ఆమె జిల్లాలో అత్యుత్తమంగా మాట్లాడే బాలిక. రాజధాని కన్నా మీకు ఎక్కువ తెలుసా?"

జీపు కదిలింది. వెనక సీట్లోంచి ఝాన్సి నన్ను చూసింది. పిలవలేదు.

అలా ఉండగా రాష్ట్రంలోనే ఉత్తమ పఠన పాఠశాలగా మా బడిని ఎంపిక చేశారు. రాజధాని నుంచి విద్యాశాఖ పెద్దమేడం వస్తున్నారని, పిల్లలందరికీ తలలు దువ్వి, ఆ ఒక్క రోజుకి బడికి తెమ్మన్నారు. శామియానా వేశారు. వేదిక మధ్యలో పెట్టెకి పూలదండ, దాని పక్కన ఝాన్సికి చిన్న దండ. గున్నయ్య మాస్టారు కూడా వచ్చి చివరి వరసలో కూర్చున్నారు. ఆయన శిక్షణలో తప్పారు. పెట్టె ముందు ఎన్నిసార్లు చదివినా ఎర్రదీపమేనట. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టమన్నారట.

ముకుందరావు గారు మైకు అందుకున్నారు. "సాంకేతికత యొక్క సముచిత వినియోగం ద్వారా, శత శాతం విద్యార్థులు శత శాతం ఉచ్చారణతో శత శాతం..." అంటూ చాలాసేపు శాతాలు పంచిపెట్టారు. అనిరుద్ధ్ పెట్టె మీట నొక్కి, మేడం ఎదుట చదివించడానికి సిద్ధం చేశాడు. ఝాన్సి చేతికి పుస్తకం ఇచ్చారు.

పెద్దమేడం పుస్తకం పక్కన పెట్టించారు. ఆమె నెరిసిన జుట్టు మనిషి. ప్రయాణపు బడలికేమో, ఉపన్యాసం విని విని వచ్చిన విసుగేమో తెలియదు. వంగి, పిల్ల గడ్డం కింద చెయ్యి పెట్టి అడిగారు. "పాఠం నేను చాలాసార్లు విన్నానమ్మా. ఇది చెప్పు. ఈ యంత్రం వచ్చాక నువ్వేం నేర్చుకున్నావు?"

ఝాన్సి ఆమె వైపు చూస్తూ నిలబడింది. నోరు తెరవలేదు.

"చెప్పమ్మా, భయపడకు."

ముకుందరావు గారు మైకు చేత్తో మూసి వివరించారు. "ఇది గౌరవసూచకమైన మౌనం మేడం. మా పాఠశాలల్లో క్రమశిక్షణ అలాంటిది." అనిరుద్ధ్ పిల్ల చేతిలో పుస్తకం మళ్లీ పెట్టబోయాడు. మేడం వద్దన్నారు. శామియానా కింద ఉన్న జనమంతా ఊపిరి బిగపట్టారు. మా పిల్లలకి అది అలవాటే.

పుస్తకం లేకపోతే దానికి మాట రాదని నాకు తెలుసు. గొంతు శాశ్వతంగా పోయిందన్న ఆలోచన వచ్చింది నాకు. నేను ఎప్పుడూ ముందే ఊహించుకునే ఘోరాల్లో ఇది ఒక్కటే ఊహించలేదు. నీళ్లలో కొట్టుకుపోతుందనుకున్నాను గానీ, వేదిక మీద, పూలదండ వేసుకుని, నా ఎదురుగా ఇలా మునిగిపోతుందనుకోలేదు. ఇక నాకు గెడ్డా గుర్తులేదు, మార్గదర్శకాలూ గుర్తులేవు. జనాన్ని తోసుకుని వేదిక దగ్గరికి వెళ్లాను. ఇన్నాళ్లుగా మింగిన గొంతు ఒక్కసారి బయటికొచ్చింది.

"ఓలె జాన్సీ! మేడమ్ గోరు అడుగుతన్నారు కదే తల్లీ. ఏటి నేర్సుకున్నావే? నాకు సెప్పే, నాను మీయమ్మని!"

పెట్టె విన్నది. ఎర్రదీపం భగ్గున వెలిగింది.

"ఓలె నీ నోరు పడిపోనూ!" అని మైకులోనే అరిచారు ముకుందరావు గారు. "కొంప ములిగిపోనాది! అదంతా రాజధానికెల్లిపోతన్నాదే, నోర్ముయ్యే!"

ఆయన పుట్టిందీ పెరిగిందీ మా వైపేనని అందరికీ అప్పుడే తెలిసింది. పెట్టె ఆయనకీ ఎర్రదీపమే ఇచ్చింది. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అనిరుద్ధ్ మీట కోసం తడుముకున్నాడు. పెద్దమేడం చెయ్యెత్తి అందర్నీ ఆగమన్నారు.

శామియానా గుడ్డ గాలికి కొట్టుకుంటున్న చప్పుడు. గున్నయ్య మాస్టారు చివరి వరసలో లేచి నిలబడ్డారు. మా అత్త చెయ్యి నా భుజం మీద పడింది. ఝాన్సి నన్నే చూస్తోంది. మెడకున్న మఫ్లరు వేలితో కిందికి లాగింది. పెదాలు కదిలి ఆగిపోయాయి, మళ్లీ కదిలాయి. నేను వేదిక అంచు పట్టుకుని నిలబడ్డాను. తొందరపెడితే మళ్లీ మూసుకుంటుందేమోనని రెప్ప కూడా వెయ్యలేదు. చాలాసేపటికి, చాలా మెల్లగా, బొంగురుపోయిన గొంతుతో, మా ఇంటి మాటలో, మా అత్త పలికినట్టే పలుకుతూ అంది నా కూతురు.

"ఏటీ నేర్సుకోనేదే అమ్మా. ఆలందరికీ నానే సదివినాను గానీ, నాకెవులూ సదువు సెప్పనేదు."